మాటలొద్దు, కొట్లాట పెట్టమ్మా

నేను కల్పించుకున్న రాణి చాలా గొప్ప మనిషి. ఆమెకు చచ్చిపోయిన మొగుడు, కుట్రలు పన్నే మంత్రి, ఎవరికీ చెప్పుకోలేని ఒక భయం ఉన్నాయి. ఆమె నోట్లోంచి రావాల్సిన మాటల కోసం వారమంతా ఆఫీసు మీటింగుల్లో మ్యూట్ పెట్టుకుని మరీ ఆలోచించాను. ఆదివారం ఆరాధన అయిపోయి, భోజనాలయ్యాక, మా పలకల షెడ్డులో నా ఆటగాళ్లు నలుగురూ చుట్టూ కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని, రాణి సింహాసనం దిగి మీ వైపే నడిచొస్తోంది, ఆమె కళ్లలో నీళ్లున్నాయి అని చెప్పాను. చెప్పి, ఇప్పుడు వీళ్లేమంటారా అని ఆశగా చూశాను.

"వదినా," అన్నాడు మా పక్కింటి కండక్టరు. "రాణికి ఎంత ఊపిరుంది?"

మా ఆటలో ఊపిరి అంటే ఒక మనిషి ఎన్ని దెబ్బలకు తట్టుకోగలడో చెప్పే లెక్క. అంటే ఆ పెద్దమనిషి, ఏడుస్తూ సాయమడగడానికి వస్తున్న ఆడమనిషిని ఎన్ని పోట్లలో చంపొచ్చో కనుక్కుంటున్నాడన్నమాట.

"ఆమె మీ సాయం కోసం వస్తోందయ్యా!"

"అడగనీలే వదినా. ముందు తెలుసుకుంటే మంచిది గదా."

నాకు ఒళ్లు మండింది. మిగతా ముగ్గురూ కూడా నా సమాధానం కోసమే ఎదురుచూస్తున్నారని గమనించాక ఇంకా మండింది.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇందులో పేకముక్కలుండవు, గెలవడం ఓడడం ఉండదు. ఒకరు కథ నడుపుతారు, ఆ ఒకరిని నేను. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషిగా మారి, నేనిది చేస్తాను, నేనిలా అంటాను అని చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఎదురుపడే రాణులూ రాక్షసులూ దుకాణందార్లూ అందరూ నేనే. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు రూమ్మేట్లతో కలిసి నేర్చుకున్నాను. అక్కడ మేము ఒక మంత్రిగారింటి విందు మీదే ఒక సాయంత్రమంతా గడిపాం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న దగ్గరే రాజ్యం చీలిపోయింది. ఇంటి నుంచి పనిచేయొచ్చని కంపెనీ వాళ్లు అన్నాక మార్కాపురం వచ్చేసి, అత్తగారింట్లో అదే స్థాయి విందు ఆశించాను. నా తలకాయ.

నా ఆటగాళ్లలో మొదటిది అక్క. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక వరస వాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటారు, అంత మెత్తటి గొంతు. చీమను చూసినా పక్కకు జరిగి నడుస్తుంది. అదే మనిషి షెడ్డులో కూర్చున్నాక, "చెల్లే, గుమ్మం కాడ కాపలావాళ్లు నిద్రపోతా ఉండారా? అయితే పీకలు కోసి లోపలికి పోదాం," అంటుంది. నిద్రపోతున్నవాళ్లను ఎందుకక్కా అంటే, "మేలుకుంటే అరుస్తారు గదా," అంటుంది, చాలా ఓపికగా. రెండోవాడు కండక్టరు. ఆర్టీసీలో త్రిపురాంతకం రూటు. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ మా ఆయన్ను అన్న అనీ, మా బావను పెద్దన్న అనీ, నన్ను వదిన అనీ వరసలు కలిపేసుకున్నాడు. కథలో ఎవరైనా తలుపు తియ్యకపోతే గొడ్డలి తీస్తాడు. తీసినా గొడ్డలి తీస్తాడు.

మిగిలిన ఇద్దరూ మా ఆయన, మా బావ. అసలు నేను ఈ ఆట మొదలుపెట్టిందే వాళ్లిద్దరి కోసం. అన్నదమ్ములిద్దరికీ ఏడాదిన్నరగా మాటల్లేవు.

మాటల్లేవు అంటే మా వైపు ముఖం చూసుకోరని కాదు. ఒకే వాకిట్లో తిరుగుతారు, ఒకే పెళ్లికి ఒకే ఆటోలో పోతారు, పక్కపక్కనే కూర్చుని తింటారు. ఒకరితో ఒకరు మాట్లాడరు, అంతే. చెప్పాల్సింది మధ్యలో ఉన్న మూడో మనిషికి చెబుతారు. మా బావ మా ఆయనకు చేతికందేంత దూరంలో నిలబడి నన్ను చూస్తూ, "షెడ్డు తాళం యాడ పెట్టినాడో అడగమ్మా," అంటాడు. మా ఆయన కూడా నన్నే చూస్తూ, "గూట్లో ఉందని చెప్పు," అంటాడు. వాళ్లిద్దరికీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. అయినా నేను మళ్లీ నోరు తెరిచి, "గూట్లో ఉందంట బావా," అనాలి. అనకపోతే ఆ మాట చేరనట్టే. మా బావ తాళం తీసుకోడు, అక్కడే నిలబడతాడు. ఉదయం లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఇదే ఉద్యోగం. కంపెనీ వాళ్లన్నా జీతమిస్తారు.

కారణం షెడ్డులోనే ఉంది. మాది రాయి కోసే షెడ్డు. పలకరాయిని మిషను మీద పెట్టి కొలతకు కోస్తారు. గిర్రున తిరిగే బ్లేడు మీద ఇనప మూత ఒకటి ఉండాలి. అది ఊడిపోతే, రేపు బిగిస్తానన్నాడు మా ఆయన. మర్నాడు పొద్దున్నే మా బావ మిషను దగ్గరికి పోయాడు. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఒంగోలు తీసుకుపోయారు, చెయ్యి బతికింది, వేళ్లు బతకలేదు. ఇంటికొచ్చాక ఇద్దరి మధ్యా మాట ఆగిపోయింది. ముందు ఎవరు ఆపారో ఎవరికీ తెలియదు. తమ్ముడు మూత బిగించలేదని అన్నకు కోపమని మేమంతా అనుకున్నాం. మా ఆయనా అదే అనుకున్నాడు. ఆ దిగులుతో అన్న పని కూడా తన మీదేసుకున్నాడు. మిషను మీదికి వేరే మనిషిని పెట్టాడు. రాయి ఎత్తనివ్వడు, లారీ ఎక్కనివ్వడు. షెడ్డు ముందర అన్న కోసం ఒక కుర్చీ, ఒక ఫ్యాను, పక్కన మంచినీళ్ల సీసా పెట్టించాడు. మా బావ ఆ కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తేవాడు.

నేను ఆట మొదలుపెట్టింది అప్పుడే. సొంత మాటలు మాట్లాడుకోరు సరే, కథలో వేరే మనుషులుగానైనా మాట్లాడుకుంటారని నా ఎత్తు. బావను కత్తివీరుణ్ణి చేశాను, మా ఆయన్ను డాలు పట్టే మనిషిని చేశాను. చలిమంట చుట్టూ కూర్చుని చిన్నప్పటి సంగతులు చెప్పుకునే ఘట్టం రాశాను, చాలా బాగా రాశాను. మంట వేశారు. కూర్చున్నారు. అంతే, నలుగురూ నోళ్లు కుట్టేసుకున్నట్టు ఉండిపోయారు. మా బావ ఎండిన చెరువులా ఉన్న నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, మెల్లగా అన్నాడు.

"మాటలొద్దు, కొట్లాట పెట్టమ్మా."

అంతకన్నా ఘోరమైన సంగతి తర్వాత తెలిసొచ్చింది. ఈ ఆటలో ఏం చేసినా కథ నడిపేవాళ్లకు చెప్పి చెయ్యాలి. "నా ముందున్నోణ్ణి పొడస్తా, ఆ డాలు మనిషిని కొంచెం ఎడం పక్కకు జరగమని చెప్పమ్మా," అంటాడు మా బావ. "జరిగినానని చెప్పు," అంటాడు మా ఆయన. ఇంట్లో నేను మొహమాటానికి చేసే చాకిరీని ఇక్కడ ఆట నియమం చేసి పెట్టాను. వాళ్లిద్దరికీ మాట్లాడుకోకుండా కలిసి కూర్చోవడానికి ఇంతకన్నా సుఖమైన జాగా దేశంలో లేదు. నేను బుర్ర గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

అయినా నేను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. పొడుపుకథ విప్పితేనే తెరుచుకునే తలుపు పెట్టాను. తలుపు బద్దలు కొట్టారు. దారి చెప్పే ముసలి సన్యాసిని పెట్టాను. ఆయన నమస్కారం పెట్టేలోపే కండక్టరు గొడ్డలి విసిరాడు. ఎందుకు చంపావయ్యా అంటే, "అడివిలో ఒంటరిగా ఉండేవాడు మంచోడెట్ల అవుతాడు వదినా?" అన్నాడు. మాటలతో మెప్పించాల్సిన వ్యాపారిని పెట్టాను. ముందు కొట్టి, తర్వాత బేరమాడారు. రాణి సంగతి మీకు తెలిసిందే. ఆమెను చంపలేదు గానీ, నేను ఆమె ఊపిరెంతో చెప్పేదాకా ఆమె చెప్పే ఒక్క ముక్కా వినలేదు. చెప్పాక, "ఓ, గట్టిదే," అని గౌరవంగా కూర్చున్నారు.

చివరికి విసుగెత్తి, సరే కొట్టుకు చావండి అనుకున్నాను. కొట్లాటలే పెట్టాలనుకున్నాక మాత్రం వాటిని బాగా పెట్టాలన్న రోషం వచ్చింది. నేనేమైనా తక్కువదాన్నా?

షెడ్డులో కోతకు పనికిరాకుండా పడి ఉన్న పెద్ద నల్ల బండ ఒకటుంది. దాన్ని రెండు దిమ్మల మీద పెట్టించి, సుద్దముక్కతో గళ్లు గీశాను. వీళ్ల నలుగురికీ సోడా మూతలు, శత్రువులకు సీతాఫలం గింజలు. మొదట్లో గింజల్ని వరసగా నిలబెట్టేదాన్ని, వీళ్లు వరసగా చంపేవాళ్లు, నేను ఆవులించేదాన్ని. ఒక మనిషి ఒకచోట నిలబడి పాచిక వేస్తూనే ఉంటే అది కొట్లాట కాదు, రేషన్ క్యూ. అందుకని కాళ్ల కింద నేల కదిలేట్టు చేశాను. తాళ్ల వంతెన మీద పెట్టి తాళ్లు తెంపించాను. వాగు పొంగించాను. ఊపిరి సగమయ్యాక శత్రువులు పారిపోయేట్టు చేశాను. పారిపోయేవాళ్లను వెంబడించాలా, పడిపోయిన మనవాణ్ణి లేపాలా అన్న చోట వీళ్ల నోళ్లు మొదటిసారి తెరుచుకున్నాయి. అరుచుకున్నారు, నిందించుకున్నారు. మాటలు కావాలంటే చలిమంట కాదు, కొంపకు మంట పెట్టాలని నాకప్పుడు తెలిసింది.

ఒకసారి దొంగలు గొర్రెల మందను తోలుకుపోతుంటే అడ్డుపడే కొట్లాట పెట్టాను. మధ్యలో గొర్రెలు బెదిరి నాలుగు దిక్కులా పరుగెత్తాయన్నాను. అంతే, కండక్టరు గొడ్డలి కింద పడేశాడు. వారమంతా బస్సులో గొర్రెపిల్లల్ని ఎక్కించనివ్వమని పోట్లాడేవాళ్లతో పోట్లాడే మనిషి. "వదినా, ఆ చిన్నవి వాగులో పడతాయి, వాటిని పట్టుకుంటా. దొంగలు యాడికి పోతారు!" అన్నాడు. దొంగలు అతని వీపు మీద కత్తులు దించుతుంటే అతను గొర్రెపిల్లల్ని ఎత్తి గట్టున పెడుతున్నాడు. అక్క మాత్రం పిల్లల్ని పట్టించుకోలేదు. దొంగలందర్నీ తెగనరికి, చెమట తుడుచుకుని, "ఒక గొర్రె మనకుంచుకుందాం," అంది.

ఇంత గందరగోళంలోనూ అన్నదమ్ములిద్దరూ నా చెవి ద్వారానే పోట్లాడారు. అరవాల్సి వచ్చినా నా వైపు తిరిగి అరిచేవాళ్లు. మా ఆయన ఆట తీరు ఒక్కటే. డాలు మనిషికి నేనొక వెసులుబాటు ఇచ్చాను. పక్కవాడి మీదికి వచ్చే దెబ్బను తను తీసుకోవచ్చు. మా ఆయన ప్రతి కొట్లాటలోనూ తన సోడా మూతను అన్న మూత ముందుకు జరిపి పెట్టేవాడు. "ఆ దెబ్బ నాకు రాసుకో," అనేవాడు. నెలల తరబడి ఆడినా మా బావ కత్తివీరుడికి గీత కూడా పడలేదు. కండక్టరు నవ్వేవాడు. "పెద్దన్న బొమ్మ ఇంకా షోరూంలోనే ఉంది!" మా బావ నవ్వేవాడు కాదు. నేను మాత్రం, పాపం మా ఆయన అన్న మీద ప్రేమ ఇట్ల చూపించుకుంటున్నాడు, ఎప్పటికైనా ఆయన మనసు కరుగుతుంది అనుకుని ఆ దెబ్బలన్నీ మా ఆయనకే రాసేదాన్ని.

అట్లా ఉండగా ఒకరోజు అక్క మా వంటింట్లోకి వచ్చి, పీట మీద కూర్చుని, ఉల్లిపాయలు తరగకుండానే కళ్లు తుడుచుకుంది.

"మేము గిద్దలూరు పోతున్నాం చెల్లే. మా తమ్ముని హార్డ్‌వేర్ దుకాణంలో కూర్చుంటాడంట మీ బావ. వచ్చే వారం పోదామన్నాడు."

"ఎందుకక్కా? ఈయనేమన్నా అన్నాడా?"

"అంటే గదా! అననే అనడు. ఆయనా అనడు. ఇద్దరూ రెండు రాళ్లు. నేను పోయి ఆ ఊళ్లో ఎవురి పీకలు కొయ్యాలే?"

ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మా ఆయనకు చెప్పాను. "పోతే పోనీ. ఆడన్నా సుఖంగా ఉంటాడు," అన్నాడు. అని, చొక్కా వేసుకుని బయటికెళ్లి, అన్న కుర్చీ పక్కనున్న ఫ్యాను దుమ్ము తుడిచి వచ్చాడు. ఇట్లాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో మీకు తెలియదు. అన్న ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కి పోతాడేమోనని ఈయన వారమంతా సరిగ్గా తినలేదు. నేనూ తినలేదు. పోతే పూడ్చుకోలేని లోటు అది.

ప్రయాణానికి ముందు ఆదివారం వచ్చింది. ఆట వద్దేమో అనుకున్నాను. మా బావే అడిగాడు, "ఈసారి గట్టిది పెట్టమ్మా," అని.

గట్టిదే పెట్టాను. నీళ్లు నిండిన పాత క్వారీ గీశాను. అడుగున రాతి రాక్షసుడు. వాడి కోసం మా రుబ్బురోలు పొత్రం తెచ్చి బండ మీద పెడితే అక్క, "అబ్బా!" అని చప్పట్లు కొట్టింది. వాడు ఒక్క దెబ్బ వేస్తే సగం మనిషి పోతాడు. నీళ్లలో మెడ దాకా దిగి కొట్టాలి, జారితే మునుగుతారు. కండక్టరు మొదట్లోనే జారి మునిగాడు. అక్క జుట్టు పట్టుకుని పైకి లాగింది. రాక్షసుడు మా బావ వైపు తిరిగాడు. మా ఆయన మూత ఎప్పట్లాగే ముందుకు జరిగింది.

"ఆ దెబ్బ నాకు రాసుకో."

రాసుకున్నాను. డాలు మనిషి ఊపిరి సగమైంది.

"మీ ఆయన్ను తప్పుకోమని చెప్పమ్మా," అన్నాడు మా బావ.

"తప్పుకోమంటున్నాడు బావ," అన్నాను.

"కుదరదని చెప్పు."

"కుదరదంట బావా."

"నా దెబ్బ నేను తింటానని చెప్పమ్మా."

"దెబ్బ పెద్దదని చెప్పు. తట్టుకోలేడని చెప్పు."

ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. ఏడాదిన్నర నుంచి మోసిన మాటలన్నీ ఒక్కసారి గొంతులోకొచ్చి అడ్డం పడ్డాయి. నా చేతిలో పాచికను బండ మీద విసిరికొట్టాను. బావ ముందర నేను గొంతు పెంచడం అదే మొదలు.

"చాలు! ఇప్పుడు నేను రాక్షసుణ్ణి. రాక్షసుడు ఎవురి మాటలూ మొయ్యడు. మీ ఇద్దరి మధ్య ఉండేది మూరెడు జాగా. చెప్పుకుంటే చెప్పుకోండి, లేకుంటే ఇద్దరూ కలిసి సావండి!"

అక్క చెయ్యి వేరుశనక్కాయల గిన్నెలోనే ఆగిపోయింది. కండక్టరు పైకప్పు రేకుల్ని పరిశీలించడం మొదలుపెట్టాడు. తప్పు చేశాననుకున్నాను. లేచి కాఫీ పెడతానని ఇంట్లోకి పారిపోదామని కూడా అనుకున్నాను.

మా బావ తల తిప్పి తమ్ముణ్ణి చూశాడు. నన్ను కాదు, తమ్ముణ్ణే.

"తప్పుకోరా," అన్నాడు.

మా ఆయన మూత మీద వేలు తియ్యలేదు. "అన్నా, అది పెద్ద దెబ్బన్నా. నీకు..."

"నాకేమైతది? సస్తా. సావనీ. ఆటలో గూడా నన్ను కుర్చీలో కూసోబెడతావా?"

"నేను మూత బిగించింటే..."

"మూత! మూత! నేను ఎప్పుడన్నా మూత మాట ఎత్తినానా? ఆ పొద్దు దానికి మూత లేదని నాకు కనపడలేదా? కండ్లుండే పోయినా మిషను కాడికి. పని తొందర్లో నేనే పోయినా." మా బావ కుడిచెయ్యి ఎత్తి బండ మీద పెట్టాడు. "రెండు వేళ్లు పోయినాయిరా. పోయింది అంతే. మిగిలిందంతా నువ్వు తీసేసినావు."

మా ఆయన ఆ చేతినే చూస్తున్నాడు.

"ఒక రాయి ఎత్తనియ్యవు. మిషను తాకనియ్యవు. వచ్చినోళ్లు, పోయినోళ్లు కుర్చీలో ఉండే నన్ను సూసి అయ్యో అంటారు. వారానికొక దినం, ఈడ, ఈ మూత ముక్కతో ఎవున్నో ఒకణ్ణి నా చేత్తో కొడదామని వస్తా. ఈడ గూడా నువ్వే ముందర నిలబడతావు!"

మాటలు చేతకాక కొట్లాట అడుగుతున్నాడనుకున్న మనిషి, అది మాత్రమే తన చేతికి మిగిలిందని అడుగుతున్నాడు. పాచిక వెయ్యడం తప్ప ఆ చేతికి ఇంకే పనీ ఎవరూ చెప్పడం లేదు. ఆ దెబ్బల్ని నెలల తరబడి మా ఆయనకు రాసింది నేనే, మహా తెలివైనదాన్ని. మా ఆయన మీద జాలి, మా బావ మీద జాలి, ఇద్దర్నీ కలిపి చెంపలు వాయించాలన్నంత కోపం, అన్నీ కలిసి వచ్చాయి.

మా ఆయన చెయ్యి చాపాడు. వేలితో తన సోడా మూతను ఒక గడి పక్కకు తోశాడు. ఇంకొక గడి కూడా తోశాడు. "కొట్టన్నా," అన్నాడు.

మా బావ మిగిలిన వేళ్లతో పాచికను పట్టుకుని, చాలాసేపు ఊపి, విసిరాడు. ఇరవై ముఖాల పాచిక అది, ఎంత ఎక్కువ పడితే అంత మంచిది. ఒకటి పడింది.

అంత మాట్లాడాక, అంత ఏడిపించాక, ఒకటి. కత్తి గాల్లో తిప్పి నీళ్లలో పారేసుకున్నాడని చెప్పక తప్పలేదు. కండక్టరు నవ్వు ఆపుకోలేక దగ్గడం మొదలుపెట్టాడు. తర్వాతి వంతు రాక్షసుడిది. నేను పాచిక వేశాను. మా ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, ఎక్కడ మూతను ముందుకు జరిపేస్తాడోనని తనకే భయమేమో. దెబ్బ తగిలింది. లెక్క వేశాను. రెండోసారి సరిచూసుకుని చెప్పాను.

"బావా, మీరు సచ్చిపోయినారు."

మా బావ ఒక్క క్షణం బండ వైపు చూసి, పెద్దగా నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వగా వినడం అదే మొదలు. "సచ్చినానురోయ్!" అన్నాడు తమ్ముడితో, ఉద్యోగం వచ్చినవాడిలాగా. తర్వాత నా వైపు తిరిగి, కుర్చీ ముందుకు లాక్కుని అడిగాడు.

"ఎట్ల సచ్చినానో వివరంగా చెప్పమ్మా."

ఈ మనిషేనా మాటలొద్దన్నది! చెప్పాను. రాణి కోసం దాచుకున్నదంతా బయటికి తీశాను. క్వారీ నీళ్లు ఎర్రబడటం చెప్పాను, గట్టు మీది పక్షులు లేచిపోవడం చెప్పాను, కత్తివీరుడు పడిపోతూ కూడా వెనక్కి తగ్గలేదని చెప్పాను. నలుగురూ నోరెత్తకుండా విన్నారు. అక్క ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, ఆ రాక్షసుడికి ఇంకెంత ఊపిరుందో చెప్పమంది. మిగతా ముగ్గురూ కలిసి వాణ్ణి ముక్కలు చేశారు. చివరి దెబ్బ అక్కదే.

గిద్దలూరు ప్రయాణం మానుకున్నాడా అంటే, మానుకోలేదు, పోనూ లేదు. అక్క తమ్ముడు ఇప్పటికీ ఫోన్ చేస్తున్నాడు, మా బావ ఇప్పటికీ చూద్దాంలే అంటున్నాడు. నేను చెప్పగలిగింది సోమవారం పొద్దున సంగతే. మా ఆయన గూట్లోంచి షెడ్డు తాళం తీసి, అన్న గడప దగ్గరికి పోయి, "మిషను మనిషి ఈ పొద్దు రాడన్నా. మనిషి కావాల," అన్నాడు. అబద్ధం. ఆ మనిషిని రావద్దని పొద్దున్నే ఫోన్ చేసింది ఈయనే. మా బావకూ తెలిసే ఉంటుంది. తాళం తీసుకుని పోయాడు.

కాసేపటికి మిషను మోగింది. మా ఆయన మెట్టు మీద కూర్చుని ఇడ్లీ ప్లేటు ఒళ్లో పెట్టుకున్నాడు. రాయి కోసేటప్పుడు మిషను ఒక్కసారే కొయ్యదు. కోసి ఆగుతుంది, రాయి తిప్పుకుని మళ్లీ కోస్తుంది. ఆగినప్పుడల్లా ఈయన సగం లేస్తాడు. మోగాక కూర్చుంటాడు. ఒకసారి చాలాసేపు ఆగింది. ప్లేటు పక్కన పెట్టేశాడు.

"ఒక్కసారి పోయి సూసొస్తానే," అన్నాడు.

నాకూ పోవాలనే ఉంది. పరుగెత్తాలనే ఉంది.

"పోవద్దు," అన్నాను.

పోలేదు. మిషను మళ్లీ మోగింది. ఏడుస్తూ ఇడ్లీ తిన్నాడు.